14 అడుగుల ఫైబర్ బోటు: వెనక పలక మెత్తబడింది, 15 హెచ్‌పీ ఇంజిన్ పెట్టొచ్చా?

తిరుపతి గాలం:

అందరికీ నమస్కారం. పోయిన వేసవిలో సెకండ్ హ్యాండ్‌లో 14 అడుగుల ఫైబర్ బోటు కొన్నాను, 9.9 హెచ్‌పీ టూ-స్ట్రోక్ ఇంజిన్, ట్రైలర్‌తో సహా. తిరుపతిలో ఇంటి ముందు చోటు లేక పిచ్చాటూరు దగ్గర మా మామ వాళ్ళ షెడ్డులో పెట్టాను. నెలకు రెండు ఆదివారాలు నేనూ మా బావమరిదీ అనుమతి తీసుకుని అరణియార్ జలాశయంలో గాలం వేస్తాం. ఎక్కువగా జిలేబీ చేపలే, అదృష్టం బాగుంటే కొరమీను. ఏడాదికి రెండు మూడు సార్లు ట్రైలర్ కట్టుకుని తడ వైపు పులికాట్‌కి కూడా వెళ్తాం, పండుగప్ప ఆశతో.

ఇప్పుడు అసలు సంగతి. బోటు నీళ్ళలో దింపిన గంటకు అడుగున నీళ్ళు చేరుతున్నాయి, రెండు గంటలకు చీలమండ దాకా. మొదట్లో డ్రెయిన్ ప్లగ్ వదులైందేమో అని కొత్తది వేశాను, తేడా లేదు. పోయిన నెల ఇంజిన్ విప్పి పక్కన పెట్టి, క్లాంపులు పట్టే చోట బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి దిగింది. కింద పాత స్క్రూ రంధ్రాలు మూడు ఉన్నాయి, ముందు ఓనరు ఏదో బిగించి తీసేసినట్టున్నాడు. వాటిలోంచి టీ డికాషన్ రంగు నీళ్ళు చుక్క చుక్కగా కారాయి, తడిసి మగ్గిన గోనెసంచి వాసన. అమ్మేటప్పుడు ఆయన ఇదేమీ చెప్పలేదు.

ఇంకోటి, ఇంజిన్ బాగానే స్టార్ట్ అవుతుంది, పది పదిహేను నిమిషాలు బాగా లాగుతుంది, తర్వాత ముక్కుతూ ఆగిపోతుంది. కాసేపు ఆగితే మళ్ళీ మామూలే. ఒక మెకానిక్ కార్బురేటర్ మార్చాలన్నాడు. ఇంకొకాయన బోటు మొత్తానికి కలిపి 30 వేలు అడిగాడు.

నా ప్లాన్ ఏమిటంటే 15 హెచ్‌పీ ఇంజిన్, నీళ్ళ కింద చేపలనూ లోతునూ చూపించే ఒక ఫిష్ ఫైండర్, అడుగున చేరిన నీళ్ళు తోడే ఆటోమేటిక్ బిల్జ్ పంపు, చేపలు బతికుండేలా ఒక నీళ్ళ తొట్టి. చేతి పనులు నాకు బాగా వచ్చు, గ్రైండర్, డ్రిల్లు ఉన్నాయి. ఫైబర్ పని మాత్రం ఎప్పుడూ చేయలేదు. ఏది ముందు మొదలుపెట్టాలి?


ఫైబర్ పని, రేణిగుంట:

తమ్ముడూ, కొనాలనుకున్నవన్నీ కొన్నాళ్ళు పక్కన పెట్టు. నీ వెనక పలక, అదే ట్రాన్సమ్, లోపల కుళ్ళిపోయింది. ఇంజిన్ బరువూ తోపుడూ మొత్తం ఆ పలక మీదే పడుతుంది. 9.9కే వేలు దిగుతుంటే 15 పెట్టి ఫుల్ యాక్సిలరేటర్ ఇస్తే ఏదో ఒక రోజు నడి జలాశయంలో పలక చీలి ఇంజిన్ నీళ్ళలోకి పోతుంది, ఆ చీలికలోంచే నీళ్ళు లోపలికి వస్తాయి. భయపెట్టడానికి చెప్పడం లేదు, నేను పాతికేళ్ళుగా ఫైబర్ పనే చేస్తున్నాను, ఇలాంటి బోట్లు రెండు నా చేతుల మీదుగానే బాగు చేశాను.

ఫైబర్ బోటు అంటే అంతా ఫైబరే అనుకుంటారు. చాలా బోట్లలో ఆ వెనక పలకలో లోపలా బయటా ఫైబర్ పొరలు, మధ్యలో ప్లైవుడ్ ఉంటుంది. ఎవరో స్క్రూ కొట్టి సీలెంట్ పెట్టకుండా వదిలేస్తే ఆ రంధ్రంలోంచి నీళ్ళు ప్లైవుడ్‌లోకి దిగుతాయి, బయటికి రావడానికి దారి ఉండదు, లోపలే ఉండి ఏళ్ళ తరబడి కుళ్ళబెడతాయి. నువ్వు చెప్పిన ఆ మూడు రంధ్రాలు ఫిష్ ఫైండర్ సెన్సర్‌కి కొట్టినవే అయ్యుంటాయి. డికాషన్ రంగు చెక్కదే.

ఎంత మేర పోయిందో ముందు తెలుసుకో. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో పలక అంతా జానెడు జానెడుకూ తట్టు. గట్టి చోట టక్కున మోగుతుంది, కుళ్ళిన చోట మెత్తబడిన గుమ్మడికాయను తట్టినట్టు డబ్ మంటుంది. డబ్ మన్న చోటల్లా మార్కర్‌తో గీసుకో. తర్వాత లోపలి వైపు నుంచి 4 మిల్లీమీటర్ల బిట్‌తో అక్కడక్కడా రంధ్రాలు వెయ్యి, బయటి పొర దాకా పోనివ్వకు. పొట్టు తెల్లగా, పొడిగా వస్తే అక్కడ చెక్క బాగుంది. నల్లగా, తడిగా బిట్‌కి అతుక్కుంటే పోయింది.

కుళ్ళు అర్ధభాగం దాటితే మొత్తం మార్చడమే మంచిది, అక్కడక్కడా అతుకులు వేస్తే ఆరు నెలలకు మళ్ళీ ఇదే కథ. కోసే ముందు బోటు రెండు పక్కలనూ కలుపుతూ అడ్డంగా ఒక కర్ర బిగించు. వెనక పలక బలం పోగానే పక్కలు విచ్చుకుంటాయి, తర్వాత కొత్త పలక కొలతకు రాదు. లోపలి పొరను అంచుల చుట్టూ రెండు అంగుళాలు వదిలి గ్రైండర్‌తో కోసి ఊడదీయి. బయటి పొర ముట్టుకోకు, అదే నీకు అచ్చు. తడి చెక్కను ఉలితో చెక్కి తీసేసి పది పదిహేను రోజులు బాగా ఆరనివ్వు. మన తిరుపతి ఎండ దీనికి వరం.

కొత్తది మెరైన్ ప్లైవుడ్, ఐఎస్ 710 అని ముద్ర ఉన్నదే తీసుకో. 18 మిల్లీమీటర్లవి రెండు కలిపి అతికిస్తే 36 వస్తుంది, పాతది ఎంత మందం ఉందో కొలిచి సరిచూసుకో, క్లాంపులు అంతకే పడతాయి. ముందు అట్టముక్కతో అచ్చు కోసి చూసి ఆ తర్వాత ప్లైవుడ్ కొయ్యి. అంచులతో సహా అన్ని వైపులా రెజిన్, అదే ఫైబర్‌ని అతికించే జిగురు ద్రవం, పూసి ఆరనివ్వు, అంచులే ఎక్కువ నీళ్ళు పీలుస్తాయి.

రెజిన్ దగ్గర ఒక్కమాట, ఇది మాత్రం తప్పకుండా గుర్తుపెట్టుకో. పాలిస్టర్ రెజిన్‌తో పాటు షాపులో రెండు సీసాలు ఇస్తారు, ఊదారంగులో ఉండేది కోబాల్ట్, నీళ్ళలా ఉండేది హార్డనర్. ఆ రెండూ ఎప్పుడూ నేరుగా ఒకదాంట్లో ఒకటి కలవకూడదు, ఒక్కసారిగా మండి పేలుతుంది. ముందు కోబాల్ట్‌ని రెజిన్‌లో వేసి బాగా కలిపేసి, ఆ తర్వాతే హార్డనర్ వెయ్యాలి. ఒక్కోదానికి వేరే కొలత మూత వాడు, సీసాలు కూడా పక్కపక్కన పెట్టకు. కేజీ రెజిన్‌కి హార్డనర్ 10 నుంచి 20 మిల్లీలీటర్లు. మన ఎండల్లో 10 దగ్గరే ఉండు, పని తెల్లవారుజామునే పెట్టుకో. మొదట వంద గ్రాములు కలిపి ఎన్ని నిమిషాలకు గడ్డకడుతుందో గడియారం పెట్టుకుని చూడు. ఆ టైమ్‌లో ఎంత పని చేయగలవో అంతే కలుపు.

ప్లైవుడ్‌ని బయటి పొర మీద పరిచేటప్పుడు మధ్యలో గాలి ఉండకూడదు. రెజిన్‌లో ఫైబర్ ముక్కలు, పౌడరు కలిపి ఇడ్లీ పిండిలా చిక్కగా చేసి పూర్తిగా మెత్తి, క్లాంపులతో నొక్కాలి, అంచుల్లోంచి పిండి బయటికి వచ్చిందంటే లోపల నిండినట్టు. మూలలు కూడా అదే పిండితో గుండ్రంగా చేసుకో, లంబకోణం మూలలో మ్యాట్, అదే చాపలా ఉండే ఫైబర్ పొర, కూర్చోదు, కింద గాలి నిలుస్తుంది. తర్వాత 450 జీఎస్ఎం (చదరపు మీటరుకు 450 గ్రాముల) మ్యాట్ నాలుగు పొరలు, ఒక్కోటి కింది దానికంటే రెండు అంగుళాలు పెద్దది, పక్కల మీదికి ఎక్కేలా. ఒకే రోజు అన్నీ వేసేయకు, రెండు పొరలు వేసి వేడి తగ్గాక మిగతావి. మ్యాట్ తెల్లదనం పోయి గాజులా కనిపించే దాకా రోలర్ తిప్పుతూనే ఉండాలి, తెల్లగా ఒక్క మచ్చ మిగిలినా అక్కడ రెజిన్ తగల్లేదని లెక్క.

గ్రైండర్ పట్టినప్పుడు లేచే పొడికి చేతులూ మెడా దురద పెడతాయి, ఫుల్ హ్యాండ్ చొక్కా, కళ్ళద్దాలు తప్పనిసరి. రెజిన్ వాసనకు గుడ్డ మాస్కు పనికిరాదు, కార్బన్ ఫిల్టర్ ఉన్నదే వాడాలి. షెడ్డులో కాదు, ఆరుబయట నీడలో చెయ్యి.


చిత్తూరు ఇంజిన్:

బ్రదర్, కార్బురేటర్ మార్చకండి, ముందు పెట్రోల్ ట్యాంకు మూత మీద గాలి స్క్రూ చూడండి. పది నిమిషాలు బాగా లాగి ఆగిపోవడం, కాసేపటికి మళ్ళీ మామూలు కావడం, నేను చూసిన వాటిలో సగానికి సగం ఆ స్క్రూ వదులు చేయకపోవడమే. పెట్రోల్ లోపలికి పోతున్న కొద్దీ ట్యాంకులో గాలి రావాలి కదా, మూత మూసి ఉంటే ట్యాంకు పీల్చుకుపోయి పెట్రోల్ రాదు. ట్యాంకు పక్కలు లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తాయి కూడా. ఈసారి ఇంజిన్ ముక్కడం మొదలుపెట్టగానే పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బు చేత్తో పిసకండి. తేరుకుంటే సమస్య పెట్రోల్ రావడంలో ఉంది, కార్బురేటర్‌లో కాదు. గాలి స్క్రూ సరిగ్గా ఉండి కూడా ఇలాగే ఉంటే పైపు కనెక్టర్ల దగ్గర ఓ-రింగులు, ఆ తర్వాత పెట్రోల్ పంపు డయాఫ్రం చూడాలి.

పెట్రోల్ గురించి కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసినది. అవుట్‌బోర్డ్ ఇంజిన్లు చేసేవాళ్ళు మామూలుగా 10 శాతం వరకే ఒప్పుకుంటారు. ఇథనాల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, నెల రోజులు ట్యాంకులో ఉంచితే నీళ్ళు అడుగుకు దిగి విడిపోవచ్చు, పాత రబ్బరు పైపులు కూడా మెత్తబడతాయి. మీరు నెలకు రెండుసార్లే వెళ్తారు కాబట్టి ఆ రోజుకు కావలసినంతే పోయించుకోండి, మిగిలింది ఇంటికి తెచ్చి నిల్వ ఉంచకండి. చివర్లో ఒడ్డుకు వచ్చేముందు ట్యాంకు పైపు తీసేసి ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడపండి, కార్బురేటర్ ఖాళీ అవుతుంది. నీళ్ళను వేరు చేసే ఫిల్టర్ ఒకటి పైపులో పెట్టుకుంటే చాలా మేలు, పారదర్శకంగా ఉండే గిన్నె ఉన్నది తీసుకుంటే అడుగున నీటి బొట్టు కంటికి కనిపిస్తుంది.

ఆయిల్ ఏది వాడుతున్నారు? బైకుల 2టీ ఆయిల్ అయితే ఆపేయండి. అది గాలితో చల్లబడే ఇంజిన్లకు చేసింది, దీనికి టీసీ-డబ్ల్యూ3 అని డబ్బా మీద రాసి ఉన్నదే వాడాలి. మీ ఇంజిన్ పుస్తకంలో 50:1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, కంటి అంచనాతో కాదు, కొలిచి.

పక్క నుంచి సన్నటి ధారగా నీళ్ళు కొడుతున్నాయో లేదో ప్రతిసారీ స్టార్ట్ చేయగానే చూస్తారు కదా? అది సన్నబడితే లోపల నీళ్ళు తోడే రబ్బరు చక్రం, అదే ఇంపెల్లర్, అరిగి ఉండొచ్చు. పులికాట్ బురదలో తిప్పారు కాబట్టి ఎలాగూ ఒకసారి విప్పి చూడండి, రెక్కలు ఒక వైపుకు వంగి అలాగే బిగుసుకుపోయి ఉంటే మార్చేయండి. గేర్ ఆయిల్ కూడా కింది స్క్రూ విప్పి చూడండి, పాలు కలిపిన కాఫీలా ఉంటే సీల్ పోయి నీళ్ళు దూరాయి. ప్రొపెల్లర్ తీసి చూస్తే గాలం దారం చుట్టుకుని సీల్‌ని కోసేసి ఉంటుంది, చేపలు పట్టే బోట్లలో ఇది చాలా మామూలు. కొత్త ఆయిల్ కింది రంధ్రంలోంచి ఎక్కించాలి, పైదాంట్లోంచి పొంగేదాకా. పైనుంచి పోస్తే మధ్యలో గాలి ఉండిపోతుంది.

15 హెచ్‌పీ విషయం. టూ-స్ట్రోక్‌లో 9.9కీ 15కీ చాలా కంపెనీల్లో బరువు ఇంచుమించు ఒకటే, ఫోర్-స్ట్రోక్ అయితే 50 కేజీలకు అటూ ఇటూ పోతుంది. బోటు మీద ఎంత హెచ్‌పీ దాకా అని ప్లేటు ఉందా చూడండి. పెద్దది కొనే ముందు ఒక పని చేయండి, ఇంజిన్ ఎత్తు సరిచేసి చూడండి. ప్రొపెల్లర్ పైన ఉండే అడ్డ పళ్ళెం బోటు అడుగుతో సమానంగానో ఒక అంగుళం కిందగానో ఉండాలి. మరీ కిందికి ఉంటే నీళ్ళ ఈడ్పుకే కొంత శక్తి పోతుంది. కొత్త పలక చేసేటప్పుడు ఎత్తు 15 అంగుళాలా 20 అంగుళాలా అన్నది మీ ఇంజిన్ షాఫ్ట్‌ని బట్టి ఇప్పుడే తేల్చుకోండి.


తడ ఒడ్డు:

తమ్ముడూ, మా ఇంట్లో మూడు తరాలుగా పడవ మీదే బతుకు, నేను పెళ్ళయి వచ్చాక మా ఆయన పక్కన కూర్చుని ఫైబర్ పడవ అతుకులు వేయడం నేర్చుకున్నాను. పై ఇద్దరు అన్నలు చెప్పింది సరిగ్గా ఉంది. నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో కనుక్కోవడానికి ఒక సులువు చెప్తాను. బోటు ట్రైలర్ మీద ఉండగానే లోపల నాలుగు అంగుళాలు నీళ్ళు పోసి, బయట పొడిగుడ్డతో తుడిచి కింద కూర్చుని చూడు. చెమ్మ ఎక్కడ పడుతుందో అక్కడ సుద్దతో గీత పెట్టు. నాలుగు అంగుళాలకు మించి పొయ్యకు, ట్రైలర్ ఆనే చోట్ల అడుగు వంగిపోతుంది.

పులికాట్‌కి ఫిష్ ఫైండర్ కొనకు. మన సరస్సు చాలా చోట్ల మనిషి నడుము లోతు కూడా ఉండదు, వెదురు గెడ వేస్తే చాలు లోతు తెలుస్తుంది. అరణియార్‌కి అయితే పనికొస్తుంది. ఒకవేళ పెట్టినా మళ్ళీ పలకకు రంధ్రాలు కొట్టకు. ప్లాస్టిక్ పలక ముక్క ఒకటి ఎపాక్సీ జిగురుతో వెనక అతికించి సెన్సర్ స్క్రూలు దానికే కొట్టు. తప్పదు రంధ్రం వెయ్యాలంటే పెద్దగా వేసి, ఎపాక్సీతో నింపి, ఆరాక దాని మధ్యలో అసలు సైజు రంధ్రం వెయ్యి. అప్పుడు స్క్రూ పక్క నుంచి నీళ్ళు దిగినా చెక్కకు తగలవు.

ఉప్పు నీళ్ళలోంచి వచ్చిన రోజు ఎంత అలసిపోయినా ఇంజిన్‌ని మంచినీళ్ళ డ్రమ్ములో పెట్టి పది నిమిషాలు నడిపించు. ట్రైలర్ చక్రాల బేరింగులు ఇంకా ముఖ్యం. దారిలో వేడెక్కిన బేరింగులు చల్లటి ఉప్పు నీళ్ళలో దింపగానే నీళ్ళను లోపలికి పీల్చుకుంటాయి. ఒడ్డుకు రాగానే కాసేపు ఆగి దింపు, ఇంటికి వెళ్ళాక గ్రీజు పట్టించు. ఇంజిన్‌కి ఉండే ముక్క, అరిగిపోవడానికే పెడతారే ఆ యానోడ్, నువ్వు రెండు రకాల నీళ్ళలోనూ తిప్పుతావు కాబట్టి అల్యూమినియందే వేయించు, దాని మీద రంగు మాత్రం వేయకు.

కార్తీకం పోయేదాకా పులికాట్‌కి రాకు. ఈశాన్య గాలి లేచిందంటే లోతు లేని నీళ్ళలో అల పొట్టిగా, నిటారుగా వస్తుంది, 14 అడుగుల బోటులోకి వెనకనుంచి ఎక్కేస్తుంది. శ్రీహరికోటలో రాకెట్ ఉన్న రోజుల్లో అటు వదలరు కూడా. లైఫ్ జాకెట్లు ఇద్దరికీ ఉన్నాయా? నువ్వు రాసిన లిస్టులో అవి లేవు.


తిరుపతి గాలం:

అక్కా, ఒకటే ఉంది, రెండోది ఈ వారమే కొంటాను. అందరికీ పేరుపేరునా థాంక్స్. నిన్న పిచ్చాటూరు వెళ్ళాను. తడితే పలకలో మూడొంతుల్లో రెండొంతులు డబ్ మంది. నీళ్ళు పోసి చూస్తే చెమ్మ ఆ మూడు రంధ్రాల కిందే పట్టింది, ఇంకెక్కడా లేదు. ట్యాంకు మూత గాలి స్క్రూ పూర్తిగా బిగించి ఉంది. డ్రమ్ములో పెట్టి నడిపితే పన్నెండో నిమిషంలో ముక్కింది, స్క్రూ వదులు చేయగానే ముప్పావుగంట ఆగకుండా నడిచింది. ఒక ఏడాదిగా దీని గురించి టెన్షన్ పడ్డాను.

కొన్ని అనుమానాలు. ప్లైవుడ్ అతకడానికి పాలిస్టర్ బదులు ఎపాక్సీ వాడితే ఇంకా గట్టిగా ఉంటుందా? బిల్జ్ పంపు వైరింగ్ ఎలా చేయాలి? చేపల తొట్టి సంగతేంటి?


ఫైబర్ పని, రేణిగుంట:

ఎపాక్సీ ఇంకా బాగా అతుకుతుంది, డబ్బు ఉంటే అదే వాడు. ఒకటి తెలుసుకో, ఎపాక్సీ మీద పాలిస్టర్ సరిగ్గా పట్టదు. ఎపాక్సీతో మొదలుపెడితే చివరిదాకా ఎపాక్సీయే. మామూలు మ్యాట్‌లో ఉండే జిగురు పాలిస్టర్‌లో కరుగుతుంది, ఎపాక్సీలో కరగదు, కాబట్టి దానికి నేసిన గుడ్డ రకం ఫైబర్ కొనాలి. మొదటిసారి చేస్తున్నావు కాబట్టి పాలిస్టర్‌తోనే చెయ్యి, పాత బోటు కూడా దాంతో చేసిందే. పైపూత జెల్‌కోట్‌లో మైనం కలిపింది అడుగు, లేకపోతే పైన జిగురు జిగురుగా ఉండిపోతుంది, పాలిథీన్ షీటు కప్పి గాలి తగలకుండా చేసినా సరిపోతుంది.

తొట్టి ఇప్పుడు వద్దు. 50 లీటర్ల నీళ్ళంటే 50 కేజీలు, అదీ వెనకవైపే పెడతారు. మంచి ఐస్ పెట్టె చాలు.


చిత్తూరు ఇంజిన్:

పంపు వైరు మెయిన్ స్విచ్ ద్వారా కాకుండా నేరుగా బ్యాటరీ నుంచి రావాలి. మీరు స్విచ్ ఆపేసి ఇంటికి వెళ్ళినా నీళ్ళు చేరితే ఫ్లోట్ (నీళ్ళతో పాటు తేలే స్విచ్) లేచి పంపు నడవాలి కదా. బ్యాటరీ ప్లస్ దగ్గరే, జానెడు దూరం లోపలే ఫ్యూజ్, ఎన్ని ఆంపియర్లో పంపు మీదే రాసి ఉంటుంది. వైరు తగరం పూత ఉన్నది తీసుకోండి, మామూలు రాగి వైరు లోపలే పచ్చగా పట్టి తెగిపోతుంది. అతుకులు నీళ్ళు చేరే చోట వేయకండి, పైకి తెచ్చి, జిగురు ఉన్న హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకునే) గొట్టం ఎక్కించండి. టేపు చుట్టడం వద్దు. బ్యాటరీ పెట్రోల్ ట్యాంకు పక్కన కాకుండా రెండో వైపు, మూత ఉన్న పెట్టెలో, బెల్టుతో కట్టేసి పెట్టండి. డబ్బా మీద ఉన్న పంపు సామర్థ్యం పైపు ఎత్తు లేకుండా కొలిచింది, బోటు గోడ మీదుగా ఎక్కించాలంటే అంత రాదు, అనుకున్నదానికంటే ఒక సైజు పెద్దది తీసుకోండి.


తిరుపతి గాలం:

ఆరు వారాలు పట్టింది, మూడు వారాలు చెక్క తీసేసిన చోటు ఆరడానికే. కుళ్ళిన ప్లైవుడ్ చేత్తో పిడికిలి పట్టి పిండితే నీళ్ళు కారాయి. ఫోటో తీసి బావమరిదికి పంపితే వాడు నమ్మలేదు. తెల్లవారి అయిదుకి మొదలుపెట్టి ఏడున్నరకల్లా రెండు పొరలు, మర్నాడు రెండు పొరలు. మొదటి పొరలో అరచేయంత చోట తెల్లగా ఉండిపోయింది, గ్రైండర్‌తో తీసేసి మళ్ళీ వేశాను. నిన్న అరణియార్‌లో దింపాం, ఇద్దరం, రెండు జాకెట్లు, పాత 9.9 ఇంజినే. మూడు గంటల తర్వాత అడుగున చెయ్యి పెట్టి చూస్తే పొడిగా ఉంది. ఇంజిన్ ఎత్తు ముప్పావు అంగుళం పైకి జరిపాను, స్పీడు కూడా తేడా తెలుస్తోంది. 15 కొనే ఆలోచన మానుకున్నాను.


తడ ఒడ్డు:

చాలా సంతోషం తమ్ముడూ. కొత్త పలక కదా, క్లాంపులు మొదటి రెండు మూడు ట్రిప్పుల తర్వాత కొంచెం వదులవుతాయి, అరగంటకోసారి చేత్తో తిప్పి చూస్తుండు. ఇంజిన్‌కి ఒక నైలాన్ తాడు కట్టి రెండో కొస బోటు లోపలి కొక్కేనికి కట్టెయ్యి. సంక్రాంతి తర్వాత గాలి తగ్గుతుంది, అప్పుడు రా, పండుగప్ప ఎక్కడ తిరుగుతుందో మా వాళ్ళు చూపిస్తారు.